రూతమ్మకు మునిగేన్ని నీళ్ళు

"తలమీద నాలుగు చుక్కలు పోసి బాప్తిస్మం అంటే యెట్లప్పా? పీనిగ మీద పిడికెడు మన్ను చల్లి పూడ్చినామంటామా?" అన్నాడు దేవదాసు పాస్టరు.

"ఎన్ని నీళ్ళు పోసినారని ప్రభువు శేరు పెట్టుకోని కొలుస్తాండాడా? చంటిబిడ్డప్పుడే మా గుళ్ళో ఆమెకు అయిపోయిండాది. మళ్ళీ ముంచితే మొదటిది అబద్ధమనే గదా!" అన్నారు యోహాను అయ్యగారు.

ఇద్దరూ నా మోటారు గది ముందర నిలబడి అరుచుకుంటున్నారు. వాళ్ళ వెనక ఖాళీ బిందెలు వీధి మలుపు దాకా వరుసలో ఉన్నాయి. అది రెండువేల మూడు ఎండాకాలం. కంబదూరు పక్కన మా పల్లె. చెరువులో తుమ్మచెట్లు మొలిచి మేకలు మేస్తున్న రోజులు.

నేను పంచాయతీ బోరు ఆపరేటరును. మా ఆయన చేసిన పని, ఆయన పోయాక నాకిచ్చారు. నేను చదివింది మూడో తరగతి. ఈ పనికి అంతకన్నా చదువు అక్కరలేదు. స్టార్టరు అంటే మోటారును లేపే పెట్టె, దానికి పచ్చ బటన్, ఎర్ర బటన్. త్రీఫేజు అంటే మోటారు తిరిగే కరెంటు, అది తెల్లవారి కాసేపు వచ్చి పోతుంది. గేట్‌వాల్వు అంటే గుంటలో ఉండే చక్రం, దాన్ని తిప్పితేనే ఒక వీధికి ఆపి ఇంకో వీధికి నీళ్ళు వదలగలం. ఊళ్ళో తగవులన్నీ ఆ చక్రం దగ్గరికే వస్తాయి. పెండ్లి తగవు చూశాను, కోడళ్ళ తగవు చూశాను. బాప్తిస్మం తగవు మాత్రం అదే మొదలు.

తగవు రూతమ్మ గురించి. ఆమె, నేను చిన్నప్పటి నుంచి రాతిగుడి వాళ్ళం, యోహాను అయ్యగారి సంఘం. అక్కడ బిడ్డలు పుట్టిన కొన్నాళ్ళకే నీళ్ళు చిలకరిస్తారు. రూతమ్మ భర్త దానయ్య ఒకసారి జబ్బు పడి లేచాక, రేకుల షెడ్డులో కూటం పెట్టే దేవదాసు పాస్టరు దగ్గర చేరాడు. వాళ్ళు పెద్దయ్యాక నిండా ముంచితేనే బాప్తిస్మం అంటారు. అప్పటి నుంచి ఆదివారం మొగుడు ఒక దిక్కు, పెండ్లాం ఒక దిక్కు పోయేవాళ్ళు. మధ్యాహ్నం ఒకే సంగటి ముద్ద పంచుకుని తినేవాళ్ళు.

దానయ్య ముందటి చలికాలంలో పోయాడు. షెడ్డు వాళ్ళు తమ సమాధుల తోటలో పూడ్చారు. రూతమ్మకు ఆ ఎండాకాలం ఊపిరి ఆడటం కష్టమైంది. తన చోటు దానయ్య పక్కనే కావాలంది. మునగనివాళ్ళకు అక్కడ చోటు లేదన్నాడు పాస్టరు. "మునుగుతా" అంది రూతమ్మ. మునగడానికి నీళ్ళేవి? షెడ్డు వెనక వాళ్ళు కట్టుకున్న సిమెంటు తొట్టి ఎండిపోయి ఉంది. దూరం పోయి కాలువలో ముంచుదామంటే ఆమె బండి ఎక్కే స్థితిలో లేదు. అందుకే పాస్టరు నా దగ్గరికి వచ్చాడు, తొట్టికి వాల్వు తిప్పమని. సంగతి తెలిసి అయ్యగారూ వచ్చారు, తిప్పవద్దని.

"ఒక ముసలామె మునిగేదానికి మా బిందెలు ఎండల్లా?" అంది వరుసలో ముందున్న గంగమ్మ. "నా ఎనుములు మూడు దినాల నుంచి నాకి నాకి తాగుతాండాయి. వాటికి గూడా బాప్తిస్మం ఇస్తారా పాస్టరయ్యా?"

ఆడవాళ్ళు నవ్వారు. పాస్టరు నా వైపు తిరిగాడు. "నువ్వు రాతిగుడి దానివి గదా బోరవ్వా. అందుకే తిప్పవు."

"నాకు బిందెలు కనపడ్తాండాయి, గుడి కనపడ్లేదు. జరుగప్పా," అన్నాను. ఆయనకూ తిప్పలేదు, అయ్యగారికీ తల ఊపలేదు.

సాయంత్రం రూతమ్మను చూడబోయాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పండుకుంటే ఊపిరి అందదు. పాస్టరు గడప దగ్గర ప్రార్థన ముగించి కూర్చున్నాడు.

"మన తోటలో చోటు లేదా నీకు? మీ నాయన, మీ యమ్మ అందరూ ఆడనే గదా ఉండేది," అన్నాను.

"ఉండారక్కా. అయితే ఆయప్ప షెడ్డోళ్ళ తోటలో ఉండాడే," అంది.

"చచ్చినాక పక్కన ఎవరుంటే ఏమే?"

"ఇన్నేండ్లు ఆయప్ప గురక పక్కనే పండుకున్యా. ఒగదాన్నే పండుకోవాలంటే భయమక్కా." ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అంది, "మొదటి బాప్తిస్మం అబద్ధమని నేనంటానా? రెండోది నిజమని తెలుసునా? నాకేమీ తెల్లేదు. నీళ్ళు లేకపోతే వద్దులే. గంగమ్మ ఎనుములు ఉండాయంట గదా."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. ఇంటికి పోదామని లేచాక తట్టింది. మోటారు వేసిన వెంటనే వచ్చే నీళ్ళు తుప్పుతో ఎర్రగా ఉంటాయి. అవి బిందెలకు ఇవ్వను. మోటారు గది పక్కన పశువుల తొట్టికి వదులుతాను, తేరుకున్నాక ఊరి పశువులన్నీ దాంట్లోనే తాగాలి. రాతి తొట్టి, మనిషి కాళ్ళు ముడుచుకుంటే పట్టేంత పొడుగు. దానికోసం ఒక్క బిందె కూడా తగ్గదు.

పాస్టరుకు చెప్పాను. ఆయన ముఖం ముడుచుకున్నాడు. "పశువులు మూతిపెట్టే తొట్టిలోనా? దేవుని కార్యం తల్లీ!"

గోడ దగ్గర నుంచి రూతమ్మ దగ్గుతూ నవ్వింది. "ప్రభువు పుట్టినప్పుడు పండబెట్టింది దేంట్లో పాస్టరయ్యా? పట్టెమంచం మీదనా?"

పాస్టరు చేతిలోని బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆమె లేసినాక ఆ నీళ్ళు ఎనుములు తాగితే మీకు తప్పా?" అని నేనే అడిగాను.

"నీళ్ళు నీళ్ళేనమ్మా. మేం తీర్థం చేసుకునేవాళ్ళం కాదు," అన్నాడు చివరికి. "తెల్లారి తీసుకొస్తాం."

ఇన్నేళ్ళుగా ఇద్దరి మాటలూ విన్నాను. ఎవరిది సరో ఇప్పటికీ నాకు తెలియదు. వినీ వినీ అలిసిపోయాను. ఆ పొద్దు నుంచి మాత్రం నీళ్ళ దగ్గరికి ఏ తగవు వచ్చినా, ఎవరిది న్యాయమని అడగడానికి ముందు ఏ నీళ్ళు ఊరికే పోతున్నాయో చూస్తున్నాను.

తెల్లవారి త్రీఫేజు వచ్చింది. పచ్చ బటన్ నొక్కాను. తొట్టి నిండింది. రూతమ్మను ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని తెచ్చి అందులో కూర్చోబెట్టారు. పాస్టరు ఒక చెయ్యి వీపు కింద పెట్టి, ఒక చెయ్యి నుదుటి మీద పెట్టి వెనక్కి వాల్చాడు. ముఖం మునిగింది. లేపాడు. ఆమె పెదవులు నల్లబడి వణుకుతున్నాయి.

"మోకాలు మునగలేదు," అన్నాడు షెడ్డు పెద్దల్లో ఒకాయన. "బయటనే ఉండాది. నేను చూస్తానే ఉండా."

పాస్టరు తడి చేతులతో అలాగే నిలబడిపోయాడు. మళ్ళీ ముంచితే ఆమె తట్టుకోదని అందరికీ తెలుస్తోంది.

"మునిగింది," అని మోటారు గది వెనక నుంచి మాట వచ్చింది. యోహాను అయ్యగారు. ఎప్పుడు వచ్చారో ఎవరూ చూడలేదు. "నేను చూసినాను. నిండా మునిగింది."

పాస్టరు ఆయన వైపు చూశాడు. "సరే అయ్యగారూ," అన్నాడు. తర్వాత రూతమ్మ మీదికి వంగి, "ఆ జాగా నీదే లేమ్మా," అన్నాడు.

అయ్యగారు భుజం మీది దుప్పటి తీసి నా చేతికిచ్చి, రాతిగుడి దిక్కు నడిచి వెళ్ళిపోయారు. నేను రూతమ్మకు దుప్పటి చుట్టాను. ఆమెను ఇంటికి తీసుకుపోయారు. గంగమ్మ ఎనుములు వచ్చి తొట్టిలో మూతులు పెట్టాయి. గొట్టంలో నీళ్ళు తెల్లబడ్డాయి. గుంటలోకి దిగి కింది వీధికి వాల్వు తిప్పాను.