మెట్టుకొక వాక్యం

తిరువళ్ళూరులో మా సర్వే ఆఫీసుకు, రైలు స్టేషనుకు మధ్య దూరం మా అరవై ఆరడుగుల కొలత గొలుసుతో పదకొండు గొలుసులు. ఇంజను కూతకు మేమెవరమూ తలెత్తము. కానీ మొన్న వాన వెలిసిన సాయంత్రం ఒక గూడ్సుబండి కదలబోయే ముందు గార్డు ఊదిన విజిలు, తడిగాలిలో సన్నగా సాగి నా బల్ల దాకా వచ్చింది. అప్పుడు నేనొక చెరువు విస్తీర్ణం కూడుతున్నాను. మూడో వరసలో నా చెయ్యి ఆగిపోయింది. కూడిక మధ్యలో ఆగే అలవాటు నాకు లేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే బల్ల ముందు కూర్చుంటున్నాను. ఈ బల్ల దగ్గరికి నన్ను నడిపించిన మనిషి ఒక గూడ్సు గార్డు. ఆయన పేరు చెంగల్రాయ నాయుడు. ఆయన్ను చూడని వాళ్ళకు ఆయన సంగతి చెప్పాలని ఆ సాయంత్రమే అనిపించింది.

నాకప్పుడు ఇరవై రెండో ఏడు. మాది తిరుత్తణికి రెండు మైళ్ళ దూరంలో తెలుగు రైతుల ఊరు. నాలుగో తరగతి వరకే చదివాను. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. మడిని మూడు మూలల ముక్కలుగా విడగొట్టి, తాడుతో కొలిచి, కర్రతో బురదలో గీతలు గీసి కూడేవాణ్ణి. ఆ అలవాటుతోనే సర్వే జట్టులో గొలుసు పట్టే పనిలో చేరాను. గుమాస్తా కాగితం మీద వేసే విస్తీర్ణం, ఆయన పెన్సిలు చెక్కేలోపలే నా తలలో తేలేది. అయినా లెక్కల బల్ల దగ్గర కూర్చోవాలంటే సర్కారువారి ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. చెప్పింది రాయడం, ఇచ్చింది చదవడం, ఒక రిపోర్టు రాయడం, ఈ మూడూ ఉండేవి. పరీక్ష ఏడాదికొకటే, ఇరవై రెండు నిండితే కూర్చోనివ్వరు. నేను అప్పటికే ఒకసారి తప్పాను. మిగిలింది ఒక్క అవకాశం. అదీ పోతే బతికినన్నాళ్ళూ గొలుసే.

ఆ రోజుల్లో తిరుత్తణిలో చెంగల్రాయ నాయుడు కొత్తగా పింఛను పుచ్చుకుని స్థిరపడ్డాడు. కొండ కింద ఇల్లు, ఇంటి వెనక మూడు మూలల పొలం చెక్క ఒకటి. దాన్ని కొలిచేందుకు మా జట్టు వెళ్ళింది. అడుగు భుజం నాలుగు గొలుసులు, ఎత్తు ఒక గొలుసు ఎనభై లింకులు, గొలుసుకు నూరు లింకుల లెక్కన. గుమాస్తా కాగితం తీస్తుంటే నేను నోరుజారి ముప్పై ఆరు సెంట్లన్నాను. ఖాకీ చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చున్న పొడుగాటి మనిషి లేచి వచ్చాడు.

"ఎవురప్పా ఆ మాట చెప్పింది?"

"నేనే సామీ."

"కాయితం యాడ?"

"కాయితం లేదు సామీ."

"మా నాయన కాలం నుంచి అది ముప్పై ఆరే. ఇంత లెక్క వచ్చినోడివి గొలుసు పట్టుకోని ఏం చేస్తాండావు?"

ఇంగ్లీషు పరీక్ష తప్పానని, నూటికి పదకొండు వచ్చాయని చెప్పాను. ఎందుకు తప్పావని అంతకు ముందు చాలామంది అడిగారు. ఆయన మాత్రం "ఆ పదకొండు ఎట్ల వచ్చినాయి?" అన్నాడు. ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అరవై మాదిరి జవాబులున్న గైడు ఒకటి కొని, రోజుకు రెండు పేజీల చొప్పున మొత్తం బట్టీ పట్టాను. చెరువుకట్ట తెగడం గురించి రిపోర్టు రాయమన్నారు. అది గైడులో లేదు. దానికి దగ్గరగా ఉందనుకుని ఇరవై మూడో నంబరు రాశాను. అది రేవులో గిడ్డంగి తగలబడ్డ సంగతి.

"ఒక్క తప్పు లేకుండా రాసినా సామీ," అన్నాను.

ఆయన చాలాసేపు నవ్వాడు. "చెరువు తెగితే నువ్వు నిప్పంటించినావు. అయినా పదకొండు ఇచ్చినారంటే ధర్మాత్ములు. ఆదివారం తెల్లారేపాటికి రా. సామీ గీమీ అనొద్దు, మామా అను."

తిరుత్తణి మురుగన్ గుడి కొండకు మూడువందల అరవై ఐదు మెట్లు. ఇంగ్లీషు ఏడాది మొదటి రోజున భక్తులు ప్రతి మెట్టు మీదా కర్పూరం వెలిగించి, ఒక పాట పాడి, తర్వాతి మెట్టెక్కుతారు. మామ నా చదువుకు ఆ పద్ధతినే తీసుకున్నాడు. ఆదివారం మొదటి మెట్టు దగ్గర నిలబెట్టి, "వాళ్ళు మెట్టుకొక కర్పూరం బిళ్ళ పెడతారు. నువ్వు మెట్టుకొక ఇంగ్లీషు వాక్యం పెట్టు. కంటికి కనపడిందే చెప్పాల. చెప్పింది మళ్ళా చెప్పకూడదు. వాక్యం రాకుంటే ఆ మెట్టు మీదనే నిలబడాల," అన్నాడు. నేను చెప్పిన వాక్యం వంకరగా ఉంటే సరిచేసి, దాన్ని నా చేత మళ్ళీ అనిపించేవాడు. పైమెట్టు మీద నిలబడి, నా నోరు తెరుచుకునేదాకా కదిలేవాడు కాదు. మొదటి రోజు రెండు గంటలు నిలబడ్డాను. గుండు గీయించుకున్న పిల్లలు, కావళ్ళు మోసేవాళ్ళు, పూల బుట్టలవాళ్ళు మమ్మల్ని దాటి ఎక్కారు, దర్శనం చేసుకుని దిగారు. అన్నీ కనిపిస్తున్నాయి, ఒక్కదానికీ మాట రాదు. ఒక అరవ ముసలమ్మ ఆగి, నేను ఎవరితో మాట్లాడుతున్నానని మామను అడిగింది. "మురుగన్‌కిట్టదాన్ అమ్మా," మురుగనుతోనేనమ్మా, అన్నాడాయన. ఆమె నా తల మీద చెయ్యిపెట్టి దీవించి పోయింది.

కిందికి దిగాక ఆయన భార్య రుక్కమ్మత్త ఇడ్లీలు పెడుతూ అడిగింది: "ఏమప్పా, సామి దర్శనమయినాదా?"

"పంతొమ్మిది మెట్లయినాయి అత్తా."

"అట్లయితే సామికి మూడువందల నలభైయారు మెట్ల దూరంలో ఉండావు. ఇడ్లీ దగ్గర్లోనే ఉండాది, తిను." ఆమె కూడా లెక్క తప్పదని ఆ రోజే తెలిసింది.

అక్కడే నా బుద్ధి వక్రించింది. పరీక్షకు ఇరవై రెండు ఆదివారాలున్నాయి. వారం వారం మళ్ళీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. వారానికి ఏడెనిమిది మెట్లు పెరిగితే పరీక్ష నాటికి సగం కొండ దాటను. దీనికొక దారి కనిపెట్టాను. గైడులోంచి మూడువందల అరవై ఐదు వాక్యాలు ఏరి, నంబర్లు వేసి, కంఠతా పెట్టాను. ఐదో ఆదివారం ఊపిరి తిప్పుకోకుండా ఎక్కుతూ పోయాను. మామ వెంట వచ్చాడు. నూట ముప్పై రెండో మెట్టు మీద ఒక మేక, దాని పక్కన పిల్ల, దారికి అడ్డంగా నిలబడి ఉన్నాయి. నేను వాటి మొహం మీదనే, పెద్ద ఓడ రేవులో ఆగి ఉందని ఇంగ్లీషులో అన్నాను.

"యాడ ఓడ?" అన్నాడు మామ.

నేను మేక వైపు చూశాను.

"అబ్బయా, నీ ఓడ కొమ్ములూపుతాండాది. జరుగు, పొడస్తుంది."

ఆయన కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. మేకను పక్కకు తోలి, ఆ మెట్టు మీదే కూర్చుని, నన్ను కూర్చోమన్నాడు. చొక్కా జేబులోంచి నూనె మరకల పుస్తకం ఒకటి తీశాడు. గూడ్సుబండి చివరి డబ్బాలో కూర్చుని, దారిలో జరిగింది ఎప్పటికప్పుడు ఆయన రాసుకున్న పుస్తకం అది. ఇంగ్లీషులో నాలుగేసి మాటల వాక్యాలు. ఒక పేజీ చదవమన్నాడు. బండి ఆగింది. పట్టాల మీద ఒక గేదె. గేదె కదలలేదు. నేను దిగాను. గేదె కదిలింది. బండి కదిలింది. పక్కన గంటలు, నిమిషాలు. చదువుతుంటే నాకు ఆ గేదె కనిపించింది. అరవై మాదిరి జవాబుల్లో ఒక్కటి కూడా నాకట్లా కనపడలేదు.

"నేను లాంతర్లు తుడిచే పనిలో చేరినా," అన్నాడు మామ. "మూడో తరగతి. నాకొచ్చిన ఇంగ్లీషు ఇంతే. ఇరవై ఏడేండ్లు దీంతోనే బండ్లు నడిపినా. ఏం జరిగిందని నన్ను ఎవుడూ రెండోతూరి అడగలా." తర్వాత నా వైపు తిరిగి, "ఒక మాట చెప్పు. నువ్వు మా చెక్క కొలవకుండా, పక్కోడి చెక్క సెంట్లు తెచ్చి మా పేరు మీద రాస్తావా?" అని అడిగాడు.

"రాయను మామా."

"మరి ఇదేంది?"

నాకు అన్నం పెట్టే విద్యలో నేను కలలో కూడా చేయని దొంగతనం, ఇంగ్లీషులో చదువు అనుకుని చేస్తున్నాను. ఆ మాట నాకు అర్థమయ్యే కొలతలో చెప్పినవాడు ఆయనొక్కడే. నూట ముప్పై రెండు మెట్లూ దిగి, మళ్ళీ ఒకటో మెట్టు నుంచి మొదలుపెట్టాను. ఆ రోజు పంతొమ్మిది కూడా కాలేదు, పదిహేడే. కానీ పదిహేడూ నావి. వారానికి ఏడెనిమిది పెరుగుతాయని నేను వేసిన లెక్క తప్పని తర్వాత తేలింది. మూడో నెల్లో ఒక్కొక్క వారం నలభై పెరిగాయి. మాటలు వడ్డీలాగా కాదు, మొలకల్లాగా పెరిగాయి. పరీక్షకు రెండు వారాల ముందు కొండ మీదికి చేరాను. దిగేటప్పుడు మామ, "ఇంక తెలుగులో మాట్లాడుకుందాం, దవడలు నొప్పి పుడతాండాయి," అన్నాడు.

పరీక్ష తిరువళ్ళూరులో, పది గంటలకు. పొద్దున బండి అరక్కోణం దాటాక ఒక గేటు దగ్గర ఆగిపోయింది. వేరుశనక్కాయల ఎద్దుబండి ఇరుసు విరిగి పట్టాల మీద కూలబడింది. దిగి నేనూ బస్తాలు మోశాను. ముప్పై ఐదు నిమిషాలు పోయాయి. తిరువళ్ళూరు స్టేషను నుంచి పరుగెత్తి హాలు చేరేసరికి పదీ పద్దెనిమిది. పావుగంట దాటితే లోపలికి రానివ్వరు. గుమ్మం దగ్గర తలపాగా పెట్టుకున్న పెద్ద ఉద్యోగి ఒకాయన చెయ్యి అడ్డం పెట్టి, ఆలస్యానికి కారణమేమిటని ఇంగ్లీషులో అడిగాడు. గైడులో నలభై ఒకటో నంబరు, ఆలస్యానికి క్షమాపణ కోరే ఉత్తరం. దాని మొదటి వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ వాక్యంలో నాకు జబ్బు చేసి ఉంటుంది. దాన్ని మింగేశాను.

బండి ఆగింది, అన్నాను. పట్టాల మీద ఒక ఎద్దుబండి. దాని ఇరుసు విరిగింది. బండివాడు ఏడుస్తున్నాడు. పదకొండు బస్తాలు దించాము. తొమ్మిదీ ముప్పై ఒకటికి రైలు కదిలింది. స్టేషను నుంచి పరుగెత్తాను.

"పదకొండని ఎలా తెలుసు?" అన్నాడాయన, ఇంగ్లీషులోనే.

"నాలుగు నేను మోశానండి. మిగతా ఏడు చూశాను."

ఆయన నా చొక్కా భుజం మీద దుమ్ము చూశాడు. చెయ్యి తీశాడు. పోయిన నిమిషాలు తిరిగి ఇవ్వనని మాత్రం చెప్పాడు. చివరి ప్రశ్న సగంలోనే గంట కొట్టారు.

గట్టెక్కడానికి నలభై కావాలి, నాకు నలభై మూడు వచ్చాయి. ఆ మధ్య మామ కూతురి ఊళ్ళో ఉన్నాడు కాబట్టి, ఫలితం వచ్చాకే ఆయనకు అంతా చెప్పగలిగాను. గుమ్మం దగ్గర ఇంగ్లీషులో అన్నదంతా అదే వరసలో అప్పజెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"బండోడు ఏడస్తాండాడంటివే. చూసినావా?"

ఆలోచించాను. బండివాడు ఎద్దు పలుపు పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. నేను బస్తా కింద ఉన్నాను. పాపం ఏడుస్తున్నాడని రైలు కిటికీలోంచి ఎవరో అన్నారు.

"చూడలా మామా. విన్నా."

"అట్లయితే విన్నానని చెప్పాల. ఆ ఒక్క వాక్యం నీది కాదు."

రుక్కమ్మత్త లోపలినుంచి వస్తూ, "పరీచ్చ గెలిచొచ్చిన బిడ్డకు నువ్వు పెట్టే తీపి ఇదేనా?" అంది.

"తీపి నువ్వు పెట్టు. ఇది నేను పెట్టాల్సింది," అన్నాడాయన.

అప్పటినుంచి నేను రాసే ప్రతి రిపోర్టులోనూ కాగితం మధ్య ఒక నిలువు గీత ఉంటుంది. ఎడమవైపు చూసింది, కుడివైపు విన్నది. ఆఫీసులో దీన్ని చూసి నవ్వినవాళ్ళున్నారు. పొన్నేరి వైపు ఇద్దరు అన్నదమ్ములు ఒక గట్టు కోసం పోట్లాడుకుంటుంటే, పాత రిపోర్టులో గట్టు తాతలనాటిదని ఖాయంగా రాసి ఉంది. నేను వెళ్ళి చూసి, నా రిపోర్టులో ఆ మాటను గీతకు కుడివైపు రాశాను. మళ్ళీ కొలిచారు. చిన్నవాడికి అతని మడి దక్కింది. పెద్దవాడు నాతో ఇప్పటికీ మాట్లాడడు.

చెంగల్రాయ మామ పోయిన రోజు నేను పెరియపాళయం దగ్గర క్యాంపులో ఉన్నాను. కబురు అందేసరికి అన్నీ అయిపోయాయి. బాధ లేకుండా పోయాడని అన్నారు. ముందు రోజు నా సంగతి అడిగాడని రుక్కమ్మత్త చెప్పింది. అత్త అబద్ధం చెప్పే మనిషి కాదు. అయినా అవి విన్నవి.

చూసింది ఒకటి చెబుతాను. కొండ మీదికి చేరిన ఆ ఆదివారం, చివరి మెట్టు మీద నా వాక్యం నేను చెప్పి పైకెక్కి నిలబడ్డాను. ఎప్పుడూ నాకు పైమెట్టు మీద ఉండే మనిషి, ఆ ఒక్కసారి కిందిమెట్టు మీద ఆగాడు. ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, తలెత్తి, ఎండకు కళ్ళు చికిలించి నా వైపు చూశాడు. ఆయన పెదవులు కదిలాయి. మూడు మాటలో నాలుగు మాటలో ఉంటాయి. తర్వాత ఆయన కూడా ఆ మెట్టెక్కాడు. గాలికి ఆ మాటలు నాకు వినపడలేదు, నేను అడగలేదు. అందుకని గీతకు కుడివైపు ఆ చోటు ఖాళీగా వదిలేస్తున్నాను.