నా రింగూ మేరీ అక్క ఆటోనూ

బోగోలులో ఒకే మధ్యాహ్నం ఇంటర్నెట్టూ, ఫోన్లూ, నా పరువూ మూడూ కలిసికట్టుగా పోయిన కథ చెబుతాను. మొదటి రెండూ ఆ పొద్దే తిరిగి వచ్చాయి.

అప్పుడు నేను నెల్లూరులో ట్రైనింగ్ ముగించుకుని కాలర్ ఎగరేస్తూ దిగిన కొత్త ఇంటర్నెట్ టెక్నీషియన్ని. మా ఓనరు రమణారెడ్డి అన్న కావలి నుంచి బోగోలుకు రెండు దారుల్లో ఫైబర్ తీగ లాగించాడు. ఒకటి హైవే పక్కన, ఇంకొకటి సముద్రం ఒడ్డు పల్లెల మీదుగా. రెండూ వచ్చి మా ఆఫీసు బాక్సులో కలుస్తాయి. దాన్నే రింగ్ అంటారు. ఒక వైపు తెగితే సిగ్నల్ రెండో వైపు నుంచి చుట్టు తిరిగి వస్తుంది, వాడుకునే వాళ్ళకు తెగిన సంగతే తెలియదు. ఈ చివరి ముక్క మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ప్రారంభం రోజున ఊరంతా వచ్చింది. రొయ్యల గుంటల రైతు ఒకాయన, "తీగ తెగితే మా గతి ఏందబ్బా?" అన్నాడు.

"చూపిస్తానుండు పెద్దాయనా" అని, అలారం కూత పెట్టకుండా ముందే దాని నోరు నొక్కేసి, సముద్రం వైపు లైనును బాక్సుకు కలిపే మూరెడు పసుపుపచ్చ తీగను పీకేశాను. గోడ మీది టీవీలో క్రికెట్ ఆగలేదు. జనం చప్పట్లు కొట్టారు. ఇంకేముంది, నేను నేల మీద నిలవలేదు. అంతలో అన్నానికి రమ్మని పిలుపు, వెనకే వంజరం చేపల పులుసు వాసన. తీగను చుట్ట చుట్టి భుజాన ఉన్న సంచిలో వేసుకుని, బాక్సుకు తాళం పెట్టి, మొదటి పంక్తిలో కూర్చున్నాను. దాన్ని మళ్ళీ పెట్టాలన్న సంగతి మూడో ముద్దకే మరిచిపోయాను.

నెల గడిచినా ఎవరికీ ఏమీ తెలియలేదు. నా రింగ్ ఒంటికాలి మీద నడుస్తుంటే, నేను రెండు కాళ్ళ మీద ఊరంతా గొప్పలు చెప్పుకుంటూ తిరిగాను.

మా ఆఫీసు ఎదురుగా మేరీ అక్క బట్టలు కుట్టేది. ఆమె కూతురు జ్యోతి నర్సింగ్ పూర్తి చేసింది. చెన్నైలో ఒక ఆసుపత్రి వాళ్ళు మధ్యాహ్నం మూడింటికి ఆన్‌లైన్లో ఇంటర్వ్యూ పెట్టారు. ఆ పిల్లకు అదే మొదటి పిలుపు, తప్పితే మళ్ళీ పిలవరు.

"కావలిలో మా తమ్ముడింటికి పంపిస్తానబ్బా. ఆ రోజు నువ్వు ఆ పసుప్పచ్చ తీగ..." అని మేరీ అక్క ఏదో చెప్పబోయింది.

"అక్కా, రింగ్ ఉండాది గదా."

"అది గాదు సుధాకరా, ఆ తీగ..."

"రింగ్ అక్కా. సముద్రం పొంగినా ఆగదు. జ్యోతిని ఇంట్లోనే కూర్చోమను, పూచీ నాది."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "సరేలే" అంది.

ఇంటర్వ్యూ రోజున భోజనాల వేళ దాటగానే హైవే పక్కన కాలువ తీస్తున్న జేసీబీ మా తీగను వేళ్ళతో సహా పెకిలించింది. నెట్టు పోయింది. సెల్ టవర్ కూడా మా తీగ మీదే బతుకుతోంది కాబట్టి ఫోన్లూ పోయాయి. రమణారెడ్డి అన్న పరుగున వచ్చాడు.

"రెండో వైపు నుంచి రాలేదేందిరా?"

"ఆ వైపు కూడా ఎవరో తెంపినట్టుండారన్నా."

"బాక్సు చూసినావా?"

"కొత్త బాక్సు, దానికేమవతాదన్నా?" అంటూనే బండెక్కాను.

ఒడ్డు వెంబడి స్తంభం స్తంభానికీ తల పైకెత్తి చూస్తూ, గుంటల్లో పడుతూ లేస్తూ పోయాను. గడియారం చూస్తే మూడుకు దగ్గర పడుతోంది. జ్యోతి మంచి చీర కట్టుకుని నల్లటి స్క్రీన్ ముందు కూర్చున్నట్టు కళ్ళకు కట్టింది. ఫోన్ చేసి కావలి పొమ్మందామంటే ఫోన్ లేదు. నిజంగా ఏడుపొచ్చింది. వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన దగ్గర ఆగాను.

"అన్నా, ఇక్కడ యాడైనా తీగ తెగిందా?"

"తీగ బాగానే ఉండాది. నువ్వే తెగినట్టుండావు, కాసిని నీళ్ళు తాగిపో."

ఉసూరుమంటూ ఆఫీసుకు తిరిగొచ్చేసరికి మూడు దాటింది. రమణారెడ్డి అన్న తన దగ్గరున్న తాళంచెవితో బాక్సు తెరిచి, లోపలికి వేలు చూపిస్తున్నాడు.

"ఈ బొక్క ఖాళీగా ఉండాదేందిరా? ఇక్కడుండాల్సిన తీగ యాడ?"

టెస్టర్ కోసం సంచిలో చెయ్యి పెట్టాను. చేతికి చుట్ట తగిలింది. నేను వెతుకుతున్న తెగుడు నా భుజాన్నే వేలాడుతూ, నాతో పాటు పల్లెలన్నీ చూసి వచ్చింది. అన్న బాక్సు ముందు నుంచి పక్కకు జరిగి, ఆ బొక్క వైపే మళ్ళీ వేలు చూపించాడు.

తీగ పెట్టగానే బాక్సులో దీపాలు వెలిగాయి. ఒక్క పరుగున రోడ్డు దాటి మేరీ అక్క ముందు రొప్పుతూ నిలబడ్డాను.

"అక్కా, వచ్చేసింది. జ్యోతిని కూర్చోబెట్టు."

ఆమె మిషన్ ఆపలేదు. "జ్యోతి కావలిలో ఉండాది. ఈ పాటికి వాళ్ళతో మాట్లాడతా ఉంటది."

"ఎట్టా పోయింది?"

"ఆటోలో. పొద్దున్నుంచీ వాకిట్లోనే నిలబెట్టుకోనుండా. నెట్టు పోతానే ఎక్కించి పంపించినా."

"అంటే నా మాట మీద నమ్మకం లేదా అక్కా?"

మేరీ అక్క దారం కొరికి తలెత్తింది. "ఆ రోజు నువ్వు తీగ పీకేటప్పుడు నీ ఎదురుగానే ఉండా. పీకింది చూసినా. పెట్టింది చూళ్ళేదు. అదే చెప్పబోతే రింగ్ అక్కా, రింగ్ అక్కా అంటివి."

జ్యోతికి ఉద్యోగం వచ్చింది. మిఠాయి పంచుతూ మేరీ అక్క నాకు మాత్రం రెండు పెట్టింది. "ఒకటి పోయినా ఇంకోటి ఉంటది" అంది.

కాబట్టి బోగోలు సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పీకిన తీగ తిరిగి బాక్సు చేరేదాకా పులుసు ఎంత గుమగుమలాడినా విస్తరి ముందు కూర్చోను. మేరీ అక్క ఏదైనా చెప్పబోతే, ఆమె దారం కొరికేదాకా నోరు తెరవను.