ఒక్కడికి రూము

పలమనేరు దగ్గర ఒక పాల సెంటరులో గిరిప్రసాద్ పని వాసన చూడటం. తెల్లవారకముందే పల్లెల నుంచి పాల క్యాన్లు వస్తాయి. ఒక్కొక్కదాని మూత తీసి ముక్కు పెడతాడు. "పులిసిపోయినాయి, తీస్కపో" అన్నాడంటే ఇక బతిమాలినా లాభం లేదు. ముక్కు అంతగా సాన తేలాక ఆ మనిషికి లోకంలో ఏదీ సరిపడకుండా పోయింది. బస్సులో సీటు పడదు, పెళ్ళిలో సాంబారు పడదు, చుట్టాల ఇంట్లో దుప్పటి పడదు. ముక్కుకు రెండు పక్కలా గీతలు పడి అలాగే నిలిచిపోయాయి. ఆ మొహం చూసి, తమ వెనక ఎలుకేదో చచ్చిందేమోనని కొత్తవాళ్ళు తిరిగి చూసుకుంటారు.

పాలకు ఆదివారం లేదు కాబట్టి ఆయనకూ లేదు. తిరుపతికి చాలాసార్లు వచ్చాడు గానీ ఊరు మాత్రం చూడలేదు. ఎప్పుడొచ్చినా చుట్టాల మంద. బస్సు దిగడం, కొండెక్కడం, దర్శనం, లడ్లు, మళ్ళీ బస్సు. ఈసారి సెంటరులో కొత్త మిషను బిగించడానికి పని ఆపేశారు. "నేనొక్కడినే పోయి ఊరు సూసుకోని, రాత్రికి ఆడనే రూము తీస్కోని పండుకోని, రేపొస్తా" అని భార్య పంకజాక్షితో చెప్పాడు. ఆమె సరే అంది.

ఊరు చూడటం వంక మాత్రమే. అసలు కోరిక రూము. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన ఒక గదిలో ఒంటరిగా పడుకుని ఎరగడు. ఒకరి గురక, ఒకరి చెమట, ఇంకొకరు నుదుటికి రాసుకున్న మందు. ఇవేవీ లేకుండా తలుపు గడియ వేసుకుని ఒక్క రాత్రి నిద్రపోతే చాలనుకున్నాడు.

బస్టాండు ఎదుట మొదటి లాడ్జిలో గుమాస్తా పేరు రాసుకున్నాడు, ఊరు రాసుకున్నాడు.

"ఎంతమంది సార్?"

"ఒక్కడినే."

కలం ఆగిపోయింది. "ఒక్కరికి రూము ఇయ్యం సార్. ఇంకొకర్ని పిల్చుకోని రండి."

రాసిన పేరు కొట్టేశాడు. తిరుపతి క్షవరం అని పెద్దలు ఊరికే అనలేదు. రెండో లాడ్జిలోనూ అదే మాట. కాకపోతే అక్కడివాడు కాస్త మంచివాడు, కారణం చెప్పాడు. "ఒక్కరొచ్చి లోపల గడేసుకుంటే మాకు బయమన్నా. ఏమన్నా సేసుకున్నారనుకో, పోలీసులకి జవాబు సెప్పలేక సస్తాం."

అంటే తాను చావడానికి వచ్చాడనుకుంటున్నారు. గిరిప్రసాద్‌కి ఒళ్ళు మండింది. చావాలనుకుంటే పలమనేరులో బావులు లేవా? దానికి ఇంత దూరం బస్సెక్కి, ఈ కంపులో పడి రావాలా? సాయంత్రానికి ఎవడో ఒకడు ఇవ్వకపోతాడా అని, స్టేషను దగ్గర సైకిలు అద్దెకు తీసుకుని బయలుదేరాడు.

సైకిలు హ్యాండిలు జిగటగా ఉంది. తువ్వాలుతో తుడిచాడు, తువ్వాలు వాసన చూశాడు, తువ్వాలు మీద కూడా విరక్తి పుట్టింది. వీధిలో మురుగు కాలవ పొంగి, అందులో నిన్నటి మల్లెపూల దండలు, టిఫిను ఆకులు, ఎవరివో చెప్పులు కలిసి నానుతున్నాయి. ఆ పక్కనే నిలబడి జనం పొంగలి లొట్టలేసుకుంటూ తింటున్నారు. కపిలతీర్థం దగ్గర జలపాతం చూడబోయాడు. అడవిలోంచి అంత శుభ్రంగా దూకిన నీళ్ళు కిందికి రాగానే షాంపూ పొట్లాలతో తేలుతున్నాయి. దేవుడి ఎదుట తడిగుడ్డలు పిండుకుంటూ పక్కవాడి మొహాన చిలకరిస్తున్న మనుషుల్ని చూస్తే ఆయనకు భక్తి కాదు, వాంతి వచ్చేటట్టయింది.

చంద్రగిరి దారి పట్టాడు. ఎండ, ఎదురుగాలి, లారీల పొగ. రోడ్డు వారన ఎవరో కోడి ఈకలూ పేగులూ సంచికెత్తి పారేశారు. ఊపిరి బిగబట్టి తొక్కాడు. బిగబట్టి తొక్కినవాడు తర్వాత రెండింతలు పీల్చుకోక తప్పదు, అప్పటికి రెండో సంచి వచ్చింది. కోట చేరి చూస్తే రాళ్ళ మీద ప్రేమికుల పేర్లు. రాజులు కట్టించింది వీళ్ళు గీక్కోవడానికేనా అని తిట్టుకుంటూ ఒక నీడలో కూర్చున్నాడు. వెంటనే ఒక కుటుంబం వచ్చి పక్కనే పులిహోర పొట్లం విప్పింది.

బయట టీ కొట్టతను పలకరించాడు. "దర్శనమయిందా సార్?"

"దర్శనానికి రాలేదు."

"మొక్కుబడా?"

"కాదు. ఊరు సూడను వచ్చినాను."

"ఒక్కరేనా?" అని అతను గిరిప్రసాద్‌ని కింది నుంచి పైదాకా చూసి, గొంతు తగ్గించాడు. "ఏదున్నా సర్దుకుంటుంది సార్. ఇంటికి పొండి."

టీలో మీగడ తేలుతోంది. సగం పారబోసి లేచాడు.

మళ్ళీ తిరుపతికి తొక్కుకొచ్చి, పొద్దు వాలేలోపు మరో మూడు లాడ్జీలు తిరిగాడు. ఒంటికాయ శొంఠికొమ్ము అంటే ఇన్నాళ్ళూ సుఖపడేవాడనుకున్నాడు. ఈ ఊళ్ళో వాడికి మంచం కూడా పుట్టదు. కాళ్ళు పీకుతున్నాయి, చొక్కా తన చెమటతోనే కంపు కొడుతోంది. చివరికి సందులో ఒక చిన్న లాడ్జి. గల్లాపెట్టె దగ్గర దాని యజమానురాలు వరదమ్మ పూలు కట్టుకుంటూ కూర్చుంది.

"ఒక్కడివేనా నాయనా? ఇంటికి ఫోను కలుపు. మీ ఇంటోళ్ళతో నేను మాట్లాడతా. వాళ్ళు సరేనంటే ఇస్తా."

నలభై తొమ్మిదేళ్ళ మనిషి పడుకోవడానికి ఇంట్లో అనుమతి అడగాలి. ఇంతకన్నా రోత ఏముంటుంది? అయినా రూము కావాలి. కలిపి ఇచ్చాడు. పూలు కట్టే చేతులు ఖాళీ లేక ఆమె ఫోను బల్ల మీద పెట్టి, స్పీకరు నొక్కింది.

"తిరుపతి నుంచి, లాడ్జి వరదమ్మను. మీ ఇంటాయన ఒక్కడే వచ్చినాడు. కొట్లాడుకోని ఏమన్నా వచ్చినాడా అమ్మా?"

"కొట్లాట ఏం లేదక్కా." వెనకాల బాణలి చుయ్ మంటోంది. కూతురు సుజన ఎవరితోనో పకపకా నవ్వుతోంది. ఆ పిల్ల అంత గట్టిగా నవ్వగా గిరిప్రసాద్ వినలేదు.

"మనసు బాగుండాదా ఆయనకి?"

"మనసు బాగానే ఉండాది. ఏదీ పడదు, అంతే. కూర కంపంటాడు, బిందెలో నీళ్ళు కంపంటాడు. నేను దగ్గిరికి పోతే మొగం పక్కకి తిప్పుకుంటాడు. ఈ దినం మా ఇంట్లో ఎండుచేపలు ఏయిస్తా ఉండామక్కా. ఎన్నేండ్లయిందో." పంకజాక్షి బాణలిలో గరిటె తిప్పిన చప్పుడు. "రూమియ్యక్కా. ఆయనకేం కాదు. కుదిరితే రేపటికి కూడా పెట్టుకో."

వరదమ్మ ఫోను ఆపి, ఆయన మొహం చూడకుండా తాళంచెవి బల్ల మీదికి తోసింది. "మేడ మీద రూము. గాలొస్తుంది."

గిరిప్రసాద్ మెట్లెక్కి, లోపలికి పోయి, గడియ వేసుకున్నాడు. ఒకే మంచం. గురక లేదు, ఇంకొకరి చెమట లేదు. పడుకోగానే దిండుకు అంతకుముందు వచ్చినవాళ్ళ తలనూనె అంటుకుని ఉందని తెలిసింది.

"ఛీ" అన్నాడు పైకే.

ఏమయిందని అడిగేవాళ్ళు ఎవరూ లేరు. దిండు తిరగేసుకుని పడుకున్నాడు.