నాలుగు ఒక్కపొద్దులు

మా చెల్లెలు పోగొట్టుకున్నవన్నీ కూడితే ఇవి: పదకొండు కిలోల బరువు, రెండేళ్లపాటు నెలసరి, సగం జుట్టు, వాళ్ల వీధిలో జరిగిన ప్రతి సీమంతానికీ రావలసిన పిలుపు. నేను బందరులో చేపలు తూచి అమ్ముకునేదాన్ని. దివిసీమలోని అత్తవారింటి నుంచి అది వచ్చినప్పుడల్లా కాటా ఎక్కించేదాన్ని.

పెళ్లయిన మూడేళ్లకీ కడుపు పండలేదని వాళ్లత్తగారు ముందు శనివారం ఒక్కపొద్దు పట్టించింది. తర్వాత సోమ, గురువారాలు. పగలంతా ఎండలో చేపలు ఆరబెట్టడం, రాత్రి ఒక్క పూట ఇంత అన్నం. నెలసరి ఆగిపోతే, "దేవుడికి ఇంకా చాలినట్టు లేదే, శుక్రవారం కూడా పట్టు" అందట ఆవిడ.

బందరులో ఇద్దరు డాక్టర్లు, "ఉపవాసాలుంటావా?" అని అడిగారు. "ఉండనండి" అంది. అబద్ధం కాదు. మాలో ఏమీ తినకపోతేనే ఉపవాసం, ఒక పూట తింటే ఒక్కపొద్దు. వాళ్లు మందుబిళ్లలు రాసి పంపేశారు.

గుడివాడ డాక్టరమ్మ దాని మణికట్టు పట్టి చూసి, "వారానికి ఒక్కపొద్దులు ఎన్నమ్మా?" అంది.

"నాలుగేనండి."

"నాలుగేనా? పాపం, ఇంకా మూడు రోజులు మిగిలిపోయాయే."

తర్వాత నాకు విడమరిచి చెప్పింది. ఒంట్లోని కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోను, తిన్నప్పుడు పెరిగే ఇన్సులిన్, రెండూ రక్తంలో మెదడుకు చేరి తిండి ఉందని చెబుతాయట. అవి తగ్గితే, మెదడు అడుగునున్న కొన్ని నాడీకణాలు అండాశయాన్ని నడిపే హార్మోనును వదలడం తగ్గిస్తాయట. "గర్భసంచిలో లోపం లేదు. దీన్ని యాభై కిలోలకు తీసుకురండి."

బిడ్డ కోసం పస్తులుంచి, బిడ్డ పుట్టే దారినే మూసేశారు. పైగా గొడ్రాలన్న పేరు దానికే పెట్టారు.

నేను వెళ్లి వాళ్లత్తగారిని ఈ పస్తులెందుకని అడిగాను. "మేం కనలేదా అమ్మాయ్?" అందావిడ.

"మీరు మూడు పూటలా తిని కన్నారు అత్తయ్యగారూ."

చెల్లెల్ని నా దగ్గరే ఉంచుకుని మూడు పూటలా పెట్టాను. ముప్పై తొమ్మిది దగ్గర నిలిచిన ముల్లు నలభై తొమ్మిదికి వచ్చింది. నెలసరి కూడా వచ్చింది. అత్తగారు ఊరంతా తిరిగి, "నా కోడలి వారాలు ఫలించాయి" అని చెప్పుకుంది. మొక్కు తీరాలంటూ దాన్ని తీసుకెళ్లి మళ్లీ శనివారం, సోమవారం పట్టించింది. నెలసరి మళ్లీ తప్పుతోంది.

మొన్న తూచాను. నలభై ఆరు. ఆ ఇల్లు మా చెల్లెలికి ఇవాళ్టికీ నాలుగు కిలోలు బాకీ.