పెద్దాయనకి ఇచ్చేశాం

భిలాయిలో పవర్ హౌస్ స్టేషనుకి దగ్గర్లో ఉన్న ఒక ఆంధ్రా హోటల్లో ఇమ్మాను పద్దెనిమిదేళ్ళు సర్వరుగా పనిచేశాడు. వాళ్ళ నాన్న పాయకరావుపేట నుంచి వచ్చి, ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు కూలీగా బతికి, కొడుక్కైనా పర్మనెంటు ఉద్యోగం వస్తుందని ఎదురుచూస్తూనే పోయాడు. ఇమ్మానుకి ప్లాంటు గేటు దాటే యోగం పట్టలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో హోటల్లో చేరాడు. పని నేర్పినవాడు గురునాథరావు.

గురునాథరావు అప్పటికే అక్కడ పాత మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. సాంబారు బకెట్టు ఒలికి కుడి ముంజేయి కాలిన చోట చర్మం ఎండిన అరటాకులా ముడతలు పడి ఉండేది. బల్లని ఒకసారి తడిగుడ్డతో, మరోసారి పొడిగుడ్డతో తుడిస్తేగాని ప్లేటు పెట్టేవాడు కాదు. టిప్పు విషయంలోనూ ఆయనకొక పద్ధతి ఉండేది.

"బిల్లు సాసరు ఎట్టీసి అక్కడే నిలబడిపోకు. మనం సూత్తంటే ఇచ్చీవోడు మొహమాటంతో ఇత్తాడు, ఇవ్వనోడు సిగ్గుపడి మళ్ళీ ఇటేపు రాడు. రూపాయి ఎట్టినా, పది ఎట్టినా ఒకటే నమస్కారం" అని చెప్పేవాడు.

ఆ డబ్బు మాత్రం వాళ్ళ జేబుల్లోకి వెళ్ళేది కాదు. సాసర్లో సోంపు మధ్య ఎంత మిగిలినా కౌంటరు మీది బిస్కట్ల డబ్బాలో వెయ్యాలి. నెలాఖరున యజమాని మురళీధర్ పగిలిన గ్లాసుల ఖర్చు పట్టుకుని, మిగిలినది పంచేవాడు. ఎంత పడిందో, ఎంత పట్టుకున్నాడో ఎవరూ అడిగేవారు కాదు. జీతం పెంచమంటే, "టిప్పులొస్తన్నాయి కదా" అనేవాడు. టిప్పులేవని అడిగితే, "జీతం ఇస్తన్నాను కదా" అనేవాడు.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన రెండో వేసవిలో, మొదటి షిఫ్టు వదిలిన జనంతో హోటలు కిటకిటలాడుతున్న మధ్యాహ్నం, గురునాథరావు వంటగది గుమ్మంలో పోయాడు. పడిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. చేతిలోని నాలుగు దోసె ప్లేట్లూ నేలమీద వరసగా పెట్టి, పక్కన పడుకున్నట్టుగా ఉన్నాడు. ఒక్క చట్నీ గిన్నె కూడా ఒలకలేదు. మురళీధర్ ఖర్చులకి రెండు వేలిచ్చాడు. ఇరవై ఆరేళ్ళ పనికి ఆ ఇంటికి చేరినది అంతే.

వానలు మొదలయ్యాక, ఒక ఆదివారం నెహ్రూ నగర్ నుంచి ఎప్పుడూ వచ్చే కుటుంబం ఇమ్మాను బల్ల దగ్గర భోంచేసి వెళ్ళింది. ఆ ఇంటాయన పది రూపాయలకి తక్కువ వదిలే మనిషి కాదు. ఆ రోజు సాసర్లో సోంపు తప్ప ఏమీ లేదు. మరుసటి వారం వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు ఇమ్మాను మొహమాటంగానే అడిగాడు.

"పోయిన వారం నా పనిలో ఏటైనా తేడా వొచ్చిందా సార్?"

"అదేంటి భయ్యా, పెద్దాయనకి ఇచ్చేశాం కదా."

"ఏ పెద్దాయనకి?"

"మీ దగ్గర పాత మనిషి. చేతి మీద కాలిన మచ్చ ఉంటుంది, ఆయనకి. మా పాపకి బల్ల రెండోసారి తుడిచి మరీ ప్లేటు పెట్టాడు."

ఇమ్మాను తన చేతిలోని తడిగుడ్డ వైపు చూసుకున్నాడు. ఆ బల్ల తుడిచినదీ తనే, ప్లేట్లు పెట్టినదీ తనే.

ఆ నెలలో మరో ఆరుగురు అదే మాట చెప్పారు. ఒకళ్ళకొకళ్ళు ఎరగనివాళ్ళు. కొందరు తెలుగులో, కొందరు హిందీలో. డబ్బా తేలికైపోయింది. మురళీధర్‌కి ఇమ్మాను మీద అనుమానం వచ్చింది. ఒకరోజు తినేవాళ్ళందరి ముందూ అతని జేబులు బయటికి లాగించాడు. రుమాలు, సైకిలు తాళంచెవి, చర్చిలో ఇచ్చిన చిన్న కేలండరు కిందపడ్డాయి. ఇమ్మాను వాటిని ఏరుకుని పన్లోకి వెళ్ళిపోయాడు. జరుగుతున్నది చెబితే దొంగతోపాటు పిచ్చివాడన్న పేరు కూడా వస్తుందని భయపడ్డాడు.

నాలుగు రోజుల తర్వాత మురళీధరే చూశాడు.

మధ్యాహ్నం మూడు గంటలు. వాన వెలిసి కిటికీల్లోంచి పసుప్పచ్చటి వెలుతురు పడుతోంది. మూల బల్ల దగ్గర ప్లాంటు కుర్రాడొకడు భోంచేసి, హెల్మెట్ చంకలో పెట్టుకుని లేచాడు. ఇమ్మాను ఆ సమయానికి కౌంటరు దగ్గరే ఉన్నాడు. కుర్రాడు పది రూపాయల నోటు తీసి పక్కకి చెయ్యి చాపాడు. అక్కడ ఎవరూ లేరు. ఎవరో నమస్కారం పెడితే బదులిచ్చినట్టు చిన్నగా తల వంచాడు. వేళ్ళు విప్పాడు. నోటు చేతిలో లేదు. కింద పడలేదు.

మురళీధర్ పరుగున వెళ్ళి కుర్చీలు జరిపి, బల్లకింద వెతికాడు.

"క్యా గిర్ గయా సేఠ్‌జీ?" అన్నాడు కుర్రాడు, ఏం పడిపోయిందోనని తనూ వంగి చూస్తూ.

"డబ్బులు ఎవరికిచ్చావు బాబూ?"

"ఈయనకే..." అంటూ కుర్రాడు పక్కకి తిరిగాడు. కాసేపు అటూ ఇటూ చూసి, "అందర్ గయే హోంగే" అని, లోపలికి వెళ్ళి ఉంటాడన్నట్టు వంటగది వైపు చూపించి వెళ్ళిపోయాడు.

మురళీధర్ బల్ల మీద చెయ్యి వేశాడు. సగం తడిగా ఉంది. అతను చూస్తుండగానే మిగతా సగం కూడా ఆరిపోయింది. వంటగదిలోకి వెళ్ళి చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే ఇమ్మాను ఖుర్సీపార్‌లో గురునాథరావు ఇంటికి వెళ్ళాడు. భార్య చిన్నమ్మలు గుమ్మం తుడుస్తోంది. చేటలో దుమ్ముతోపాటు సోంపు గింజలున్నాయి. ఆకుపచ్చ చక్కెర పూత పూసినవి, హోటల్లో వాడేవే.

"ఇవెక్కడివి పిన్నీ?"

"ఏటో నాయనా, దినం పొద్దున్న లేసేతలికి గుమ్మంలో ఉంటన్నాయి. సీమలు పట్టీసి సస్తన్నాను. ఎవులు పోత్తన్నారో తెల్దు."

"డబ్బులేటైనా కనపడతన్నాయా?"

ఆమె చీపురు ఆపి అతని వంక చూసింది. "డబ్బులా? బతికున్నప్పుడే తేనేదు. సాయంత్రం ఒచ్చి జేబులు దులిపితే ఈ గింజలే రాలీవి. ఇప్పుడు డబ్బులెక్కడినుంచి తెత్తాడు?"

అనేశాక ఆ మాటకి తనే బెదిరినట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇమ్మాను హోటలుకి వచ్చి నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. పదహారేళ్ళలో మొదటిసారి మురళీధర్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆయన ఎవుల్నీ భయపెట్టడానికి రానేదు బాబూ. ఆయనకి రావాల్సింది ఆయన తీసుకుంటన్నాడు. మనం ఇవ్వనేదు కాబట్టి."

"రెండు వేలిచ్చాను కదా."

"అది పాడె కట్టడానికి ఇచ్చినారు. యూనియన్ ఆఫీసులో అడిగాను. పని మానినా, పోయినా, ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన ఇవ్వాలంట. ఇరవయ్యారేళ్ళు."

మురళీధర్ చూపు మూల బల్ల మీదే ఉంది. "సాయంత్రం నువ్వూ రా, ఇచ్చేసొద్దాం" అన్నాడు.

చిన్నమ్మలు నోట్ల కట్ట వైపు చెయ్యి చాపలేదు. "ఇది టిప్పా బాబూ, జీతమా?" అని అడిగింది.

"ఏదో నాకు తోచింది, అమ్మా..."

"అయితే అక్కర్నేదు. తోచినోళ్ళు ఇచ్చినవాటికి ఆయన జన్మంతా నమస్కారాలెట్టినాడు."

మురళీధర్ మొహం ఎర్రబడింది. గోడ మీది గురునాథరావు ఫోటో వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. "జీతమే అమ్మా. ఇవ్వడం ఆలస్యం చేశాను" అన్నాడు. అప్పుడు తీసుకుంది.

ఆ మర్నాటి నుంచి గుమ్మంలో గింజలు కనపడలేదు. బిస్కట్ల డబ్బా కౌంటరు మీంచి లేచిపోయింది. ఎవరి బల్ల టిప్పు వాళ్ళదే అయింది. జీతాలు కూడా కొంత పెరిగాయి. పెద్దాయన మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇమ్మానుకి నిశ్చింతగా ఉండవలసింది. కానీ మధ్యాహ్నం పూట ఖాళీ హాలులోకి వచ్చినప్పుడల్లా, ఆయన్ని రెండోసారి సాగనంపినది తనేనన్న దిగులు కమ్మేది.

మరో రెండేళ్ళకి నందిని గనుల కాలనీలో ఒక క్యాంటీన్లో పని దొరికింది. అక్కడ టిప్పులుండవు. నెలకి కట్టిన జీతం, ఫండు. హోటల్లో ఆఖరిరోజు మధ్యాహ్నం మూడింటికి ఇమ్మాను సెలవడగడానికి వెళ్ళాడు. హాల్లో వాళ్ళిద్దరే ఉన్నారు.

"పెద్దాయన నిజంగా వెళ్ళిపోయాడంటావా, ఇమ్మానూ?" అని అడిగాడు మురళీధర్, గొంతు తగ్గించి.

"నాకేటి తెల్సు బాబూ. మీరు దినం ఇక్కడే కూసుంటారు కదా, మీకే తెలవాల."

మురళీధర్ లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. మూల బల్ల వైపు ఒకసారి చూశాడు.

"జనం వచ్చేదాకా ఉండిపోరా" అన్నాడు.

ఇమ్మాను సైకిలు తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకుని, అతని పక్కన కూర్చున్నాడు.