ఏ ఊరి దొరసాని?

నా చిన్నప్పుడు మా క్రైస్తవ సంఘంలో పాటల పుస్తకం మరిచి వచ్చేవాళ్లు ఉండేవారు గానీ, రాజుల ఇంటి కబురు మరిచి వచ్చేవాళ్లు లేరు. ఏన్కూరు సంతలో బెల్లం చుట్టి ఇచ్చిన పాత పేపరు ముక్కలో సముద్రం అవతలి రాజకుమారుడి బొమ్మ కనిపిస్తే చాలు, ఆరాధన అయ్యాక అరుగు మీద అది చేతులు మారేది. ఆయన భార్యను ఏలుకోవడం లేదట, ఇంకొకరి ఇల్లాలితో తిరుగుతున్నాడట. చదువు రానివాళ్లు కూడా బొమ్మ చూసి తీర్పు చెప్పేసేవారు. "బంగారమసొంటి పిల్ల, వాని కండ్లు పోయినయా ఏంది?" అని ఒకరు కన్నీళ్లు పెట్టుకుంటే, "ఆ నవ్వు జూడు, అంతా గా నవ్వులనే ఉన్నది" అని ఇంకొకరు మూతి తిప్పేవారు.

ఇప్పుడు పేపరు ముక్క పోయి ఫోను వచ్చింది, అంతే తేడా. మొన్న ఆదివారం ప్రసంగం జరుగుతుండగానే నా ముందు వరుసలో ఇద్దరు ఆడపిల్లలు కొంగు చాటున ఏదో రాజకుటుంబం విడాకుల వీడియో చూస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే మా నాయనమ్మ గుర్తొచ్చింది.

మాది అడవి అంచున ఊరు. మా పక్కింటి అక్క కోయవాళ్ల ఆడబిడ్డ. వేల్పులను వదిలి బాప్తిస్మం తీసుకుందని పుట్టింటివాళ్లు రాకపోకలు మానుకున్నారు. భర్త భద్రాచలం వైపు కూలికి పోయి అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. అతన్ని మా సంఘంలో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పండక్కి వస్తే పక్కకు జరిగి చోటిచ్చేవారు.

ఒక వానాకాలం అక్క చంటిబిడ్డకు జ్వరం ముదిరింది. సంత నుంచి తిరిగి వెళ్తున్న గాజుల మామ, తరాలుగా గాజులు అమ్ముకునే ముస్లిం కుటుంబం ఆయనది, ఊరందరికీ మామే, తల్లినీ బిడ్డనూ సైకిలు మీద ఎక్కించుకుని దవాఖానాకు చేర్చాడు. బిడ్డ బతికింది. అక్క పేరు పోయింది. తడిసిన చీరతో పరాయివాడి సైకిలు మీద కనబడింది కదా, మా వాళ్లకు ఇంకేం కావాలి? విచారణ తేలేదాకా, ఆదివారం అందరూ రొట్టె పంచుకునే ప్రభువు బల్లకు రావద్దని సంఘపెద్ద కబురు పంపాడు. ఆ రొట్టె ముక్క కూడా దక్కకపోతే ఈ లోకంలో ఆమెకు నా అన్న మనుషులే లేరు.

శనివారం ఉపవాస ప్రార్థనలో మా నాయనమ్మ లేచి నిలబడింది. "ఒక దొరసాని కోసం ప్రార్థన జెయ్యాలె" అంది. అంతవరకూ కునుకుతున్నవాళ్లు కూడా ముందుకు జరిగారు. దొర ఆమెను వదిలి ఇంకొకామెను ఉంచుకున్నాడని, ఆమె ఓర్చుకుందని, ఆపదలో ఒక పరాయి మనిషి సాయం చేస్తే ఇప్పుడు అందరూ ఆమె గుణం గురించే మాట్లాడుతున్నారని చెప్పింది. అందులో ఒక్క మాట కల్పించలేదు.

"గా దొరను అడగాలె గని, ఆమెనెందుకు ఆడిపోసుకుంటున్నరు?" అన్నారు వెనక నుంచి. "ఎంత రాణైనా ఆడది గాదా!" అని ఇంకొకరు ముక్కు చీదారు. సంఘపెద్ద లేచి చేతులెత్తాడు. ఆమెను నిందించే నోళ్లు మూయించమనీ, ఆమెను నీ బల్ల దగ్గర కూర్చోబెట్టుకోమనీ ప్రభువును బతిమాలాడు. ఇల్లు అదిరేలా అందరూ ఆమేన్ అన్నారు. గడప అవతల బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చున్న అక్క ఒక్కతే అనలేదు.

"ఇంతకీ ఏ కోట దొరసాని, అమ్మా?" అని అడిగాడాయన కళ్లు తుడుచుకుంటూ.

"కోటేంది పెద్దయ్యా, తాటాకుల ఇల్లు. మా దడి పక్కనే."

మా వైపు కోయ మగవాళ్లను దొర అనీ, ఆడవాళ్లను దొరసాని అనీ పిలవడం వాడుక. "దొరసానీ, ఇప్పపువ్వు తెచ్చినవా?" అని అక్కను రోజూ పిలిచే నోళ్లే అవన్నీ. ఆ రోజు మాత్రం పేపరు ముక్కలోని దొరసాని తప్ప వాళ్ల మనసుకు ఇంకెవరూ తట్టలేదు.

"ప్రార్థనల అబద్ధమాడుతవా, ముసల్దానా?" అని సంఘపెద్ద ఉరిమాడు.

"ఏం అబద్ధమాడిన? నేను దొరసాని అన్న. కోట నువ్వు గట్టుకున్నవ్."

బైబిల్లో పరాయివాని భార్యను తెచ్చుకున్న రాజుకు, పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ ప్రవక్త చెప్పి, అతని నోటితోనే తీర్పు చెప్పించిన అధ్యాయం, చదువు రాని మా నాయనమ్మకు కంఠతా వచ్చు. ఆ రాజు అయినా పశ్చాత్తాపపడ్డాడు. మా వాళ్లు అలిగారు. కొందరు ఆమెతో మాటలు మానేశారు. కానీ దేవుని ముందు అన్న ఆమేన్‌ను ఎవరు వెనక్కి తీసుకుంటారు? మర్నాడు రొట్టె పళ్లెం అక్క ముందు ఆగింది. సంఘపెద్ద ఆమె ముఖం చూడకుండానే పట్టుకున్నాడు. ఆమె తీసుకుంది.

మొన్న ప్రసంగం అయ్యాక ఆ ఆడపిల్లల భుజం తట్టి, "ఏ ఊరి దొరసాని బిడ్డా?" అని అడిగాను. "ఈడ గాదు అమ్మమ్మా, ఫారిన్" అన్నారు నవ్వుతూ. నేను నవ్వలేదు. ఎవరి కాపురం గురించి తీర్పు చెప్పబోయినా నా నాలుక చివర ఆ ప్రశ్నే అడ్డుపడుతుంది. ముందు మా దడి పక్కకు చూస్తాను. అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు గడప అవతలే కూర్చుని ఉంటారు.