మా వదిన చలివేంద్రం

మా ఇంట్లో ముప్పై ఆరు కుండలున్నాయి. దాహమైతే మాత్రం మా అన్న బస్టాండుకు వెళ్లి నీళ్లు తాగి వచ్చేవాడు. ఈ రెండు మాటలూ ఒకే ఇంటి గురించంటే ఎవరూ నమ్మరు. నమ్మనివాళ్లు నిజామాబాద్ వచ్చి, మా గల్లీలో భాగ్యలక్ష్మి ఇల్లు ఏదని అడగండి. "కుండల ఇల్లా?" అని చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దిగబెడతారు.

భాగ్యలక్ష్మి మా వదిన. ఆత్మారాం మా అన్న. నేను నాగేందర్‌ని. ఆ ఇంటి పై వాటాలో ఉంటాను, బోర్డులు రాస్తాను. రాసేవాణ్ణి అనాలి. ఫ్లెక్సీలు వచ్చాక నా కుంచె ఎండిపోయింది. దాన్ని మళ్లీ రంగులో ముంచింది వదిన కుండలే. కాబట్టి ఈ కథలో తప్పెవరిదని మీరు వెతకబోతే అందులో నా భాగం కూడా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

మా అన్న బోధన్ వైపు చెరకు కాంటా దగ్గర ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశాడు. కాంటా గది మూలన ఇసుక పోసి దానిమీద ఒక రంజన్ పెట్టుకున్నాడు. రంజన్ అంటే మా వైపు మంచినీళ్ల కుండ. ఆయన తాగింది అందులోవే, తూకానికి బండి కట్టుకొచ్చిన రైతులు తాగిందీ అందులోవే. ఫ్రిజ్ నీళ్లు ఆయనకు పడవు. రెండు గుటకలు వేస్తే రెండు రోజులు దగ్గుతాడు. రిటైరై ఇంటికి వచ్చిన రోజు ఆయన కోరింది ఒకటే, ఇంట్లో ఒక రంజన్ పెట్టమని. "గంతే భాగ్యా, ఇంకేం అడుగ" అన్నాడు. ఆయన కోరిక సగం తీరింది. కుండ వచ్చింది, నీళ్లు రాలేదు.

ఎందుకు రాలేదంటే, సరిగ్గా ఆ ఎండాకాలమే మేమంతా బోధన్ అవతల ఒక క్యాంపులో గృహప్రవేశానికి వెళ్లాం. కాలువ నీళ్లు చూసి తాతల నాడే కోస్తా నుంచి వచ్చి పొలాలు చేసుకున్నవాళ్ల ఊళ్లను మా దగ్గర క్యాంపులంటారు. ఆ ఇల్లు జగన్మోహనరావు గారిది, కాంటా దగ్గర మా అన్నకు పరిచయం. ఆ ఇంటి హాల్లో నిలువెత్తు మట్టి కుండ ఒకటి, అందులో ఎండిన చెరకు పూలు. వదిన దాని ముందు నిలబడి భోజనం సంగతి మర్చిపోయింది. జగన్మోహనరావు గారి భార్య విజయశ్రీ గారు దగ్గరికి వచ్చి, "మట్టి కుండ ఉంటే ఇంటికి కళ వస్తుందండీ. సీజన్ మారినప్పుడల్లా మేం మార్చేస్తూ ఉంటాం" అంది. అంతే. వదినకు అదే మంత్రోపదేశమైంది.

నేను వెక్కిరిస్తాను గానీ వదిన ఆశ నాకు అర్థం కానిది కాదు. ఆమె ఇరవై ఏళ్లు బీడీలు చుట్టింది. ఈ ఇంటి గోడల్లో అన్న జీతం ఎంత ఉందో ఆమె వేళ్ల నొప్పి కూడా అంత ఉంది. ఒకప్పుడు మా ఇంట్లో అడుగుపెడితే ముందు తంబాకు వాసన వచ్చేది, చుట్టాలు ముక్కు దగ్గర కొంగు పెట్టుకునేవాళ్లు. అదే చుట్టాలు ఇప్పుడు గుమ్మంలో ఆగి ఆహా అనాలని ఆమె కోరిక. అందులో తప్పు పట్టేదేముంది? తప్పంతా ఆ తర్వాత జరిగింది.

ఇక మా ఇంటి ఋతువులు చెప్తాను వినండి. ఎండాకాలం రంజన్లు, హాల్లో వరసగా ఏడు. వానాకాలం రాగానే వాటిని అటక ఎక్కించి బోనాల కుండలు దించడం, పసుపు, బొట్లు, వేపకొమ్మలు. నిజం వేపాకు మూడు రోజులకు రాలి నేల పాడవుతోందని ప్లాస్టిక్ వేపకొమ్మలు వచ్చాయి. దీపావళికి ఇరవై ఒక్క మట్టి ప్రమిదలు. నూనె పోస్తే పొగ వచ్చి పైకప్పు నల్లబడుతుంది కాబట్టి వాటిలో బ్యాటరీ దీపాలు. చలికాలం మట్టి కుంపటి, నిప్పుల బదులు ఎర్ర బల్బు. మొదటి ఏడు మా అన్నకు ఆ సంగతి తెలియక, పొద్దున్నే లేచి దానిముందు చేతులు చాపుకుని కాసేపు కూర్చున్నాడు. ఉగాదికి కొత్త కుండ గుమ్మం దగ్గర, పచ్చడి మాత్రం వంటింట్లో స్టీలు గిన్నెలో. ఋతువు మారిందని తెలుసుకోవడానికి మా అన్నకు పంచాంగం అక్కర్లేదు. ఎత్తి దించేది ఆయనే గనుక నడుమే చెప్పేది.

ఈ కుండలన్నీ నవీపేట దేవన్న దగ్గర కొన్నవి. మొదట్లో మా వదినను చూస్తే దేవన్న ముఖం వెలిగేది. ఫ్రిజ్‌లు వచ్చాక కుండల ముఖం చూసేవాళ్లే లేని రోజుల్లో, ఒకే ఇల్లాలు ఏడాదికి నాలుగుసార్లు వస్తే ఎవరికి సంతోషం కాదు? తర్వాత ఆమె అడుగున చిల్లు పెట్టి ఇవ్వమంది. చిల్లు కుండ దేనికి వాడతారో తెలిసిన మనిషి కాబట్టి దేవన్న రెండు చేతులూ చెవులకు తగిలించుకున్నాడు. మొక్కలు పెట్టుకోవడానికని చెప్పి ఆయన్ను ఒప్పించేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. మిగతావాటికి రంగు వేస్తామని చెప్పినప్పుడు కూడా ఆయన ఉండబట్టలేక, "రంగేస్తె కుండకు ఊపిరాడదక్కా. నీళ్లు సల్లగ గావు" అన్నాడు. నీళ్లు పోసేదెవరని వదిన నవ్వింది. పోస్తే కుండ చెమరుస్తుంది, చెమరిస్తే టైల్స్ మీద మరక పడుతుంది. మా ఇంట్లో కుండలకు నీళ్లు నిషేధం కావడానికి కారణం అంతకంటే పెద్దదేమీ కాదు.

అలా నాలుగేళ్లు గడిచాయి. మా అన్న ఇంట్లో గొడవ చేసే రకం కాదు. రోజూ పదకొండింటికి చెప్పులు వేసుకుని బస్టాండు దాకా నడిచి, అక్కడి చలివేంద్రంలో నాలుగు గ్లాసులు తాగి, మూతి తుడుచుకుని వచ్చేవాడు. ఎక్కడికి వెళ్లావంటే పేపర్ చదవడానికి అనేవాడు. ఈ ఏడు ఎదురింటి వసంతమ్మ ఆయన్ను అక్కడ చూసి, వచ్చి వదినకు చెప్పింది. చెప్పేటప్పుడు కొంచెం ఉప్పూకారం కూడా కలిపి ఉంటుంది.

ఆ రోజు వదిన అన్నం కూడా తినలేదు. "ఇంటి నిండ కుండలుంటె మొగోడు బస్టాండ్ల గ్లాస్ పట్కొని నిలవడ్డడంటె నా ఇజ్జత్ ఏం గావాలె?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఒక్క దాన్ల నీళ్లు పొయ్యి భాగ్యా. బస్టాండ్ మొకం సూడ" అన్నాడు అన్న.

రెండు రోజులు ఆలోచించి వదిన తీర్పు చెప్పింది. ఈ ఎండాకాలం అలంకరణ ఇంట్లో కాదు, గేటు ముందు. చలివేంద్రం పెడుతున్నాం. అన్న సంతోషం చూడాలి. చెంబులు, గ్లాసులు తానే కడిగి బోర్లించాడు. తాను తాగడమే కాదు, దారినపోయే పదిమందీ తాగుతారు, మళ్లీ కాంటా దగ్గరి రోజులు వచ్చినట్టే అన్నాడు.

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. కాలనీ మహిళా సంఘం వేసవి అలంకరణ పోటీ పెట్టింది. టౌన్లో కూడా ఇల్లు కట్టుకున్న విజయశ్రీ గారు న్యాయనిర్ణేతల్లో ఒకరు. నేను మూడు కుండలకు తెల్ల ఎనామిల్ రెండు పూతలు వేసి, ఎర్ర అంచులు తీర్చి, తామరపూలు గీశాను. "చలివేంద్రం. ఆగండి, చల్లగా తాగండి" అని బోర్డు రాశాను. చాలా ఏళ్ల తర్వాత నా అక్షరం నాకే ముద్దొచ్చింది. తాటాకు పందిరి, కుండల కింద ఎర్ర బట్ట, చుట్టూ ముగ్గు. పోటీ నాడు పొద్దున్నే అన్న గ్లాసు పట్టుకుని వచ్చి మూత తీశాడు. కుండ ఖాళీ. పోటీ అయ్యాక పోస్తానని, ఇప్పుడు పోస్తే బట్ట తడిసి ముగ్గు కొట్టుకుపోతుందని వదిన లోపలి నుంచే చెప్పింది. అన్న నా వైపు చూశాడు. నాలుగేళ్లు ఆగినవాడివి నాలుగు గంటలు ఆగలేవా అని నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకు కోపం వస్తుంది.

పదకొండు దాటింది. తారు కరిగే ఎండ. నేను స్టూలెక్కి బోర్డు సరిచేస్తున్నాను. అప్పుడే మలుపు దగ్గర శ్యామలమ్మ కనిపించింది. డెబ్బై ఏళ్ల మనిషి, కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి, తలమీద ఆకుల మూటతో ఇంటికి వెళ్తోంది. కొత్తకోడలుగా వచ్చిన మా వదినకు ఆకు కత్తిరించడం దగ్గర్నుంచి నేర్పింది ఆమే. ఆమెకు చదువు రాదు, నా బోర్డు ఆమెకు అక్కర్లేదు. పందిరి కింద మూడు కుండలు కనిపించాయి, అంతే చాలు. మూట దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, మొదటి కుండ మూత తీసింది. వంగి చూసింది. రెండోది తీసింది. మూడోదాంట్లో చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమింది.

అన్నా వదినా అప్పుడే గేటు దగ్గరికి వచ్చారు. వదిన పట్టుచీరలో ఉంది. శ్యామలమ్మ మూడు మూతలూ ఒక్కొక్కటే పెట్టింది. తెల్ల రంగు మీద తన వేలిముద్ర పడిందని చూసుకుని, దాన్ని కొంగుతో తుడిచింది. పక్కకు జరిగిన ఎర్ర బట్ట సర్దింది. అప్పుడు తలెత్తి వదినను చూసింది.

"మూతలు ఎట్లున్నయో గట్లనే వెట్టిన బిడ్డ. అందం సెడగొట్టలె" అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తట్టుకునేవాళ్లమే. నిజంగానే ఏదో పాడుచేశానేమోనని భయపడి అన్న మాట అది.

వదిన లోపలికి పరుగెత్తి ఫ్రిజ్ నీళ్ల సీసా తెచ్చింది. శ్యామలమ్మ దాన్ని వేలితో తాకి, ఐసు నీళ్లకు పళ్లు జివ్వుమంటాయని, ఇల్లు ఎంతో దూరం లేదని చెప్పి మూటకు చెయ్యి వేసింది. ఆ మూట మా అన్న తీసుకున్నాడు. ఒంటిమీద బనీనుతోనే ఆమె పక్కన నడిచి వెళ్లిపోయాడు.

వాళ్లు మలుపు తిరిగారో లేదో న్యాయనిర్ణేతల కారు వచ్చింది. ఐదుగురు దిగారు, ఐదుగురి చేతుల్లోనూ నీళ్ల సీసాలున్నాయి. పందిరిని, కుండలను, నా అక్షరాలను ఫొటోలు తీశారు. చూస్తుంటేనే దాహం తీరిపోతోందండీ అంది విజయశ్రీ గారు. ఒక్కరంటే ఒక్కరు మూత ఎత్తలేదు. మొదటి బహుమతి మాకే వచ్చింది. బహుమతి ఏమిటంటే రంగులు వేసిన కుండ. చప్పట్లు కొడుతుంటే వదిన దాన్ని తీసుకుని ఎక్కడ పెట్టాలో తెలియక చంకన పెట్టుకుని నిలబడింది.

కారు వెళ్లిపోయాక పట్టుచీర కూడా మార్చుకోకుండా నల్లా దగ్గర కూర్చుని, కొబ్బరి పీచు పెట్టి నా తామరపూలు తోమడం మొదలుపెట్టింది. చాలాసేపు తోమింది. "నాగేందర్, గీ రంగు పోదా?" అని అడిగింది. పోదని చెప్పాను. ముప్పై ఏళ్లు నా రంగు పోదని గొప్పలు చెప్పుకుని బతికినవాణ్ణి. ఆ రోజే మొదటిసారి అది చెప్పడానికి సిగ్గేసింది.

మర్నాడు మొదటి బస్సుకు ఇద్దరం నవీపేట వెళ్లాం. దేవన్న అలవాటుకొద్దీ చిల్లు ఎక్కడ పెట్టమంటావని అడిగాడు. నీళ్లు పోయడానికి అని వదిన అంటే ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. లోపలికి వెళ్లి ఒక కుండ తెచ్చి, వేలి కణుపుతో కొట్టి, ఖంగుమన్నాక చేతికిచ్చాడు. వదిన దాన్ని దారిపొడుగునా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొత్త కుండ కాబట్టి మూడు రోజులు నీళ్లు నింపడం, పారబోయడం. నాలుగో రోజు గేటు ముందు ఇసుకలో పెట్టి, చుట్టూ తడి గోనె చుట్టి, మంచినీళ్లు పోసింది. మధ్యాహ్నానికి కుండ చెమర్చింది.

అన్న గ్లాసు తీసుకున్నాడు. వదిన ఆగమంది. ముందు చెంబునిండా ముంచుకుని, నన్ను వెంటబెట్టుకుని, ఆ ఎండలో మూడు గల్లీలు దాటి శ్యామలమ్మ ఇంటికి నడిచింది.

శ్యామలమ్మ గడపలో కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. వదిన చేతిలో ఏముందో చూడనైనా చూడలేదు, నోరు విప్పనివ్వలేదు. "ఎండల వడి వచ్చినవ్. ముందుగాల నువ్వు తాగు" అని లేచి, తన కుండలోంచి గ్లాసు ముంచి ఇచ్చింది. వదిన తాగుతూనే ఏడ్చింది. శ్యామలమ్మ చెంబు అందుకుని, కొంచెం గొంతులో పోసుకుని, మట్టి వాసన ఇంకా పోలేదు గానీ నీళ్లు మంచిగున్నాయని చెప్పి మళ్లీ కత్తెర తీసుకుంది.

మేము తిరిగి వచ్చేసరికి అన్న కుండ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతిలో ఖాళీ గ్లాసు, పొడిగానే ఉంది. దారినపోయే ఇద్దరు ముగ్గురికి ముంచి ఇచ్చాడట, తాను ముట్టలేదు. వదిన ఆ గ్లాసు తీసుకుని ముంచి ఇచ్చింది. మూడు గ్లాసులు ఊపిరి తీయకుండా తాగాడు. నాలుగోది ఆమె వైపు చాపి, నువ్వు తాగవా అని అడిగాడు.

"తాగొచ్చిన" అంది వదిన. "అవ్వ పోసింది."